ఉపదేశమున నెత్తిపొడుపు

మతాచార్యుడు శిష్యులకు వ్రాసిన లేఖ యనగానే మనము శాంతవచనములను, ఆశీర్వాదములను, సహనబోధను మాత్రమే యెదురుచూతుము. క్రైస్తవుల నూతన నిబంధనయందలి పౌలు లేఖలను క్రొత్తగా చేతబట్టు హిందువు గాని, బాల్యమునుండి వానిని వినుచు వచ్చిన క్రైస్తవుడు గాని యీ భావముతోనే చదువ నారంభించును. కాని యా లేఖలలో కొన్ని తావులయందు గురువు శిష్యులను పొగడుచున్నట్లు కనబడుచు వారిని నిలువునా కడిగివేయుచున్నాడు. తన్ను తాను నిందించుకొనుచున్నట్లు కనబడుచు నెదుటివారి డంబమును బట్టబయలు చేయుచున్నాడు. ఆ తావులను పొగడ్తగా చదివినచో నర్థము తలక్రిందులగును. వట్టి తిట్టుగా చదివినచో వ్రాసినవాని హృదయము మనకందదు. మాటకును భావమునకును నడుమనున్న యీ యెడమును గుర్తించుట క్రైస్తవులకు మాత్రమే గాక, మాటచేత లోకమును దిద్దదలచిన వారి కందరకును ప్రయోజనకరము.

మన యిండ్లలో దీనికి పేళ్లు చాల గలవు. ఎత్తిపొడుపు, దెప్పు, వెటకారము, ఆక్షేపణ యని మన మందుము. చెడగొట్టినవానిని చూచి "నీ పుణ్యమా అని పని చక్కబడినది" యనుట తెలుగు తెలిసిన పసివానికి కూడ సులభముగా బోధపడును. గ్రీకులు తెలిసియు తెలియనట్లు నటించుటను 'ఐరొనెయియా' యనిరి. సోక్రటీసు సంభాషణమునకు ఈ గుణమువలననే ప్రసిద్ధి కలిగినది. ఇంతకంటె తీవ్రమైన దానికి వారు పెట్టిన 'సర్కస్మోస్' అను పేరు మాంసమును చీల్చుట యను నర్థముగల క్రియనుండి పుట్టినది. మన యాలంకారికులు స్తుతివేషమున నిందయు, నిందావేషమున స్తుతియు గల పలుకును వ్యాజస్తుతి యనిరి. ద్రోహము చేసినవానికి కృతజ్ఞత తెలిపి, దీర్ఘాయువు గలుగునట్లు దీవించు శ్లోకమొకటి కావ్యప్రకాశమున నుదాహృతమై యున్నది. అచ్చట ప్రతి పదమును తిరుగవేసి చదువుకొనవలెను.

అయితే తిరుగవేయవలెనని మనకు తెలియుట యెట్లు? 11వ శతాబ్దివాడైన మమ్మటుడు వ్యంగ్యార్థమును స్ఫురింపజేయు వానిని లెక్కించుచు వక్త, వినువాడు, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానిని చెప్పెను. కాకువనగా కంఠస్వరమునందలి వికారము. ఇంతకు వేయి సంవత్సరముల పూర్వము రోమను లాక్షణికుడు క్విన్టిలియను దాదాపు నీ మాటయే చెప్పినాడు: ఉచ్చారణమును బట్టి గాని, మాటాడువాని స్వభావమును బట్టి గాని, విషయమును బట్టి గాని విపరీతార్థము తెలియునట. ఒండొరుల నెరుగని రెండు దేశముల పండితులిట్లు ఏకాభిప్రాయులగుట గమనింపదగినది. ఎత్తిపొడుపు పదములలో నుండదు. పలుకువానికిని వినువానికిని గల సంబంధములో నుండును. ఈ యొక్క సూత్రమును చేతబట్టి పౌలు లేఖలను చూతము.

కొరింథు నగరము రెండు సముద్రముల నడుమనున్న యిరుకైన భూభాగముపై నుండినది. క్రీ.పూ. 146లో రోమనులు దానిని నేలమట్టము చేసిరి, క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు దానిని రోమను వలసగా మరల నెలకొల్పెను. విముక్తులైన బానిసలును, వర్తకులును అచ్చట స్థిరపడి రెండు రేవుల వ్యాపారముచేత ధనవంతులైరి. పాతవంశముల గౌరవము లేనిచోట ధనమును, వాగ్ధాటియు, గొప్పవారి పరిచయమును గౌరవమునకు కొలతలగుట సహజము. పౌలు డేరాలు కుట్టి పొట్టపోసికొనుచు అచ్చట ఏడాదిన్నర బోధించెనని అపొస్తలుల కార్యముల గ్రంథము చెప్పుచున్నది. అప్పటి రోమను అధిపతి గల్లియో పేరు డెల్ఫీలో దొరకిన శాసనమున నుండుటచేత ఆ కాలము క్రీ.శ. 51 ప్రాంతమని చరిత్రకారులు నిర్ణయించిరి. తరువాత మూడు నాలుగేండ్లకు, ఎఫెసు పట్టణమున నుండగా, కొరింథు సంఘమువారు గురువుల పేర పక్షములు కట్టి కలహించుచున్నారని ఆయనకు వర్తమానము వచ్చెను. ప్రభుభోజనమునకు కూడినపుడు కలవారు ముందుగా తిని త్రాగి మత్తిల్లుచుండగా లేనివారు ఆకలితో చూచుచుండిరని కూడ తెలిసెను.

ఈ సందర్భమున వ్రాసిన మొదటి లేఖయొక్క 4వ అధ్యాయమున పౌలు వారి నభినందించినట్లు మాటాడును. మీరప్పుడే తృప్తులైతిరి, సంపన్నులైతిరి, మా సాయము లేకయే రాజులైతిరి యని యాయన భావము. మీరు నిజముగా నేలుచుండినచో ఎంత బాగుండును, మీతోపాటు మేమును కొంచెము ఏలియుందుము గదా యని వెంటనే చేర్చును. మేము వెఱ్ఱివారము, మీరు బుద్ధిమంతులు. మేము బలహీనులము, మీరు బలవంతులు. మీకు గౌరవము, మాకు అవమానము – ఇట్లు జంటలు జంటలుగా సాగును. ఆ వెనుక తమ యాకలిని, దప్పికను, చిరిగిన బట్టలను, చేతిపనిని ఒకటొకటిగా చెప్పును. ఇది పొగడ్త కాదనుటకు మమ్మటుడు చెప్పిన వక్తయు ప్రస్తావమునే సాక్షులు. రాజులవలె కూర్చున్న శిష్యుల యెదుట గురువు కూలివాడై నిలిచి, ఎవరి నడత గురువు నడతను పోలియున్నదో వారినే లెక్కచూచుకొమ్మనుచున్నాడు. ఈ మాటల తరువాత ఆయన స్వరము మారును. మిమ్ము సిగ్గుపరచుటకు కాదు, ప్రియమైన బిడ్డలకు బుద్ధి చెప్పుటకే వ్రాయుచున్నానను నర్థమిచ్చు మాట వచ్చును. పొడిచిన చేయియే నిమిరినది.

రెండవ లేఖయందలి 10వ అధ్యాయము మొదలు 13వ అధ్యాయము వరకుగల భాగమున ఈ యలంకారము పరాకాష్ఠ నందినది. ఆ భాగము మొదట ప్రత్యేకమైన లేఖయై యుండెనని తలచు పండితులును గలరు. పౌలు లేనప్పుడు కొందరు బోధకులు కొరింథునకు వచ్చి, తమ వంశమును, తమ యనుభవములను, తమ వాగ్వైభవమును చాటుకొనుచు ప్రజలచేత పోషింపబడుచుండిరి. పౌలు ఉత్తరములు బరువైనవే గాని మనిషి యెదుట నిలిచినప్పుడు పస లేదు, మాటాడ చేతకాదు అను పరిహాసమొకటి పుట్టెను. అతడు జీతము పుచ్చుకొనకపోవుట కూడ నేరమైనది. రుసుము పుచ్చుకొనని పండితుడు పండితుడేనా యని నాటి నగరవాసుల సందేహము. మన దేశమున సయితము ఉచితముగా చెప్పిన చదువునకు విలువ తక్కువ గదా!

పౌలు ఆ బోధకులను 'మిక్కిలి గొప్ప అపొస్తలులు' అని బిరుదిచ్చి పిలిచెను. తాను జీతము తీసికొనకపోవుటను గూర్చి, మిమ్ము హెచ్చించుటకై నన్ను నేను తగ్గించుకొని పాపము చేసితినా యని యడిగెను. ఇతర సంఘములకంటె మీకు నేను చేసిన తక్కువ యేమి, మీకు భారము కాకపోవుట తప్ప. ఈ యన్యాయమును క్షమింపుడని వేడుకొనెను. అక్షరార్థమున క్షమాపణ, భావమున చెంపపెట్టు. మీరు బుద్ధిమంతులు గనుక వెఱ్ఱివారిని సంతోషముగా సహింతురు, ఎవడైనను మిమ్ము బానిసలను చేసినను, మిమ్ము మ్రింగివేసినను, ముఖముమీద కొట్టినను సహింతురు. పాపము, మేమే యంతటి పని చేయలేని దుర్బలులమైతిమి యని కూడ వాపోయెను.

అటుపిమ్మట తానును వెఱ్ఱివానివలె గొప్పలు చెప్పుకొందునని ప్రారంభించును. ఆ కాలపు రాజపురుషులు తాము జయించిన యుద్ధములను, పొందిన బిరుదులను శిలలపై చెక్కించుకొనుచుండిరి. పౌలు పట్టికలో విజయములు లేవు. ఒకటి తక్కువ నలువది కొరడాదెబ్బలు 5 మారులు, బెత్తపుదెబ్బలు 3 మారులు, రాళ్లతో కొట్టబడుట ఒకమారు, ఓడ పగులుట 3 మారులు, సముద్రములో ఒక రాత్రియు నొక పగలును. చివరకు దమస్కు పట్టణమున రాజాధికారి పట్టుకొనజూడగా, గోడయందలి కిటికీనుండి గంపలో దింపబడి తప్పించుకొని పోయిన కథ చెప్పును. రోమను సైన్యములో శత్రుదుర్గపు గోడ నందరికంటె ముందు ఎక్కిన వీరునికి బంగారు కిరీటము బహుమానముగా నిచ్చుట ఆచారము. ఆ గౌరవము నెరిగిన రోమను వలసవారికి, గోడ దిగి పారిపోయినవాడు తన శౌర్యమును చాటుకొనుట ఎంత నవ్వు పుట్టించియుండునో యని కొందరు పండితులు వ్యాఖ్యానించిరి. ఆ నవ్వు పౌలుమీద మొదలై, గొప్పలు చెప్పుకొనువారందరి మీదికి పోవును. నేను వెఱ్ఱివాడనైతిని, నన్నిట్లు బలవంతపెట్టినది మీరే యని యాయన ముగించును.

తెలుగువారికి ఈ ధోరణి క్రొత్త కాదు. 1953 వరకు మా వరంగల్లు జిల్లాలోనిదై, తరువాత ఖమ్మము జిల్లాలో చేరిన నేలకొండపల్లి వాడు కంచర్ల గోపన్న 17వ శతాబ్దిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకముతో భద్రాచల రామాలయమును కట్టించి, తానాషా కాలమున గోలకొండ చెరసాలలో పడెను. రామదాసని లోకము పిలుచు ఈతడు చెరలో పాడినవని చెప్పబడు కీర్తనలలో ఒకదానియందు, శ్రీరాముని ఇంటివారికి తాను చేయించిన నగలను వానికైన వెలలతో సహా వరుసగా లెక్క వ్రాసి చూపును. అవి నీ తండ్రి యిచ్చినవా, నీ మామ పంపినవా యని దేవునే నిలదీయును. కడపట, తిట్టితినని బాధపడవలదు, దెబ్బల కోర్వలేక అన్న మాటలు యని శరణు వేడును. ఇద్దరును దెబ్బలు తిన్నవారే. ఇద్దరును పట్టికలు వ్రాసినవారే. ఇద్దరును కడపట తమ మాటకు బలవంతమే కారణమనిరి. భేదమొకటి: గోపన్న దేవుని నెత్తిపొడిచెను, పౌలు దేవుని పేర మనుష్యుల నెత్తిపొడిచెను. దేవుడు మాటను తప్పుగా వినడు. మనుష్యులు వినవచ్చును. కావున పౌలుది కష్టతరమైన మార్గము.

కష్టమేమనగా, లేఖకు కంఠస్వరము లేదు. నాటి లేఖలు ఒంటరిగా కన్నులతో చదువుకొనుటకు వ్రాసినవి కావు; సంఘము కూడినప్పుడు ఒకడు లేచి బిగ్గరగా చదువవలెను. కొరింథు వ్యవహారమును చక్కబెట్టుటకు పౌలు తన సహచరుడగు తీతును పంపెను; రోము సంఘమునకు వ్రాసిన లేఖను కొనిపోయినది కెంక్రేయ రేవు సంఘసేవకురాలగు ఫీబే యని పండితుల యభిప్రాయము. గురువు స్వరము నెరిగిన మనుష్యులు దగ్గర నుండుటచేత, ఎచ్చట నవ్వవలెనో ఎచ్చట సిగ్గుపడవలెనో సభకు తెలిసియుండును. కాకువు లేఖలో లేకున్నను లేఖను తెచ్చినవారి గొంతులో నుండినది.

ఆ గొంతులు పోయి పదునెనిమిది శతాబ్దములు గడచిన పిమ్మట లేఖలు తెలుగునకు వచ్చినవి. లండన్ మిషనువారు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు అను దేశీయ పండితుని సాయముతో అనువాదమున కారంభించిరి. సువార్తలు మూడు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. నూతన నిబంధన మొత్తము 1818లో చెన్నపట్టణమున వెలువడినది. దైవగ్రంథమను భక్తిచేత అనువాదకులు గంభీరమైన గ్రాంథికమునే వాడిరి, అది న్యాయమే. కాని తెలుగున ఎత్తిపొడుపును తెలుపు చిన్నచిన్న మాటలు – గదా, అట, పాపము, మహానుభావుడు, పుణ్యమా అని – వ్యవహారభాషలోని వేగాని శాస్త్రభాషలోనివి కావు. అవి లేనప్పుడు రాజులైతిరను మాట నిజమైన దీవెనవలె వినబడును. 1879లో హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఏర్పడినది మొదలు మా ప్రాంతపు పల్లెలలోను ఈ లేఖలు చదువబడుచున్నవి. చదువువాడు వాక్యమునకు తగిన స్వరమును తానే తెచ్చుకొనకున్నచో, వినువారికి దక్కునది సగము లేఖయే.

పౌలు వ్యంగ్యమంతయు కొరడాదెబ్బ కాదు. చెరలోనుండి ఫిలేమోనను కలవానికి వ్రాసిన చిన్న లేఖయందు, అతని బానిసయగు ఒనేసిమును మరల చేర్చుకొమ్మని వేడుకొనును. ఒనేసిము అను పేరునకు గ్రీకున ప్రయోజనకారి యని యర్థము. పూర్వము నీకు నిష్ప్రయోజకుడైనవాడు ఇప్పుడు నీకును నాకును ప్రయోజకుడైనాడని చమత్కరించును. అతడు నీకేమైన అచ్చియున్నచో నా లెక్కలో వ్రాసికొమ్ము, నేనే తీర్తునని స్వహస్తముతో వ్రాసి, నీవు నీ ప్రాణముతో సహా నాకు ఋణపడియున్న సంగతి నేను చెప్పనక్కరలేదు గదా యనును. చెప్పనని చెప్పుచునే చెప్పివేసినాడు. బలహీనుని పక్షమున బలవంతునితో మాటాడునప్పుడు ఈ మృదువైన యెత్తిపొడుపు ఆజ్ఞకంటె బలమైనది.

అయితే ఈ యాయుధము రెండువైపుల పదునుగలది. గలతీయులకు వ్రాసిన లేఖయందు, యూదులు కాని శిష్యులకు కూడ సున్నతి చేయవలెనని కలవరపెట్టువారిని గూర్చి పౌలు మిక్కిలి కటువైన మాట యనెను. సున్నతితో ఊరకుండనేల, పూర్తిగానే కోసికొనరాదా యని దాని భావము. ఆ ప్రాంతమున సిబెలీ దేవి పూజారులు తమ పుంస్త్వమును కోసికొనుచుండిరి గనుక ఆ పోలిక శ్రోతలకు స్ఫురించియుండును. ఫిలిప్పీయుల లేఖయందు సున్నతి యను గ్రీకుమాటను కొంచెము మార్చి, ఛేదనమని పరిహసించెను. పౌలు స్వయముగా యూదుడు. ఎనిమిదవనాడు సున్నతి పొందితినని ఆ లేఖయందే చెప్పుకొన్నవాడు. ఆయన నోట ఇది ఇంటివాని కోపము. కాని కాలక్రమమున సంఘము యూదేతరుల చేతిలోనికి వచ్చినది. వక్త మారెను, వినువాడు మారెను, మాటలు మాత్రమట్లే యుండెను. 386, 387 సంవత్సరములలో అంతియొకయలో క్రిసొస్తొము చేసిన ప్రసంగములు మొదలుగా యూదులను దూషించుటకు ఈ లేఖల మాటలే సాధనములైనవి. ఇంటివాని యెత్తిపొడుపు పొరుగువాని చేతిలో ద్వేషశాసనమైనది. మమ్మటుడు వక్తను మొదట లెక్కించుట యెంత యుక్తమో ఇచ్చట తెలియుచున్నది.

పౌలునకు మూడువందల యేండ్ల తరువాతివాడైన జెరోము ఈ విద్యయందు గొప్ప నేర్పరి. 384లో రోమునుండి యూస్తోకియ మను కన్యకకు వ్రాసిన లేఖయందు, ఉంగరములు ధరించి, జుట్టు వంకరలు తిప్పి, బురద యంటకుండ మునివ్రేళ్లమీద నడచుచు ధనవతుల యిండ్ల చుట్టు తిరుగు గురువుల రూపమును ఆయన చిత్రించినాడు. అది దోషమును చూపిన పరిహాసము. అందువలన ఉపకారమే జరిగినది. కాని ఈయన నవ్వు త్వరలోనే వాదమును విడిచి మనుష్యులను పట్టుకొనెను. విగిలాంతియుసను ప్రతివాది పేరునకు మేలుకొన్నవాడని యర్థముండగా, దానిని తిరుగవేసి నిద్రమత్తువాడని పిలిచెను. బాల్యమిత్రుడైన రూఫినుసుతో వైరము కలిగి, ఆ మిత్రుడు సిసిలీలో మరణించిన పిమ్మట కూడ ఆ ద్వీపపు మట్టిక్రింద తేలు పడియున్నదని వ్రాసెను. చనిపోయినవానికి సిగ్గు కలిగించి దిద్దుట యెట్లు? పౌలు గంపలో దిగి తానే నవ్వులపాలైనాడు. జెరోము ఈ వైరములలో ఇతరులనే నవ్వులపాలు చేసినాడు. భాషానైపుణ్యమున జెరోమే మిన్నయని చెప్పవచ్చును. కాని దిద్దుబాటునకు కావలసినది నైపుణ్యమొకటియే కాదు.

మన సంస్కరణోద్యమమున ఈ విద్యకు గురువు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1874లో రాజమహేంద్రవరమున వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండి యుద్యోగులను, వేశ్యాలోలురను, ముసలితనమున బాలికలను పెండ్లాడువారిని ప్రహసనములతో ఎండగట్టిరి. సత్యరాజా పూర్వదేశయాత్రలలో స్త్రీలే యేలుబడి చేయు దేశమును కల్పించి, మనము స్త్రీల నుంచిన స్థితిలో పురుషులను నిలిపి చూపిరి. ఆ గ్రంథమును చదివి నవ్వుకొను పురుషుడు తన నవ్వులోనే చిక్కుకొనును. పంతులుగారి వ్రాతలు కొన్ని వేళల మితిమీరలేదని యనజాలము. అయినను వారి మాటకు బలమిచ్చినది మరియొకటి గలదు. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహము జరిపించిన తరువాత బంధువులు వెలివేయగా, వంటవారు మానివేయగా, రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసి తెచ్చిరి. నవ్విన నోటి వెనుక ఆ కావడి బరువుండుటచేతనే ఆంధ్రదేశము ఆ నవ్వును విన్నది. ఆయన నిందించిన సమాజము ఆయన పుట్టిన సమాజమే, వెలివేసినను విడిచిపోలేదు.

దీనినిబట్టి ఎత్తిపొడుపును కొలుచుటకు మూడు ప్రశ్నలు మనకు చాలును. అది ఎవరిమీద పడుచున్నది – బలవంతుని మీదనా, బలహీనుని మీదనా? పలికినవాడు తానును ఆ నవ్వునకు పాత్రుడగుచున్నాడా? పలికిన తరువాత సంబంధము నిలుచుచున్నదా? కొరింథు లేఖలు మూడింటికిని సరియైన సమాధానమిచ్చుచున్నవి. గలతీయుల లేఖయందలి ఆ యొక్క మాట ఇయ్యజాలకున్నది. ఈ పరీక్ష పత్రికలకు మాత్రమే కాదు. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిని "మీ పుట్టింటివారు గొప్పవారు గదమ్మా" యని అత్త దెప్పునప్పుడును, తెలియక తడబడిన బాలుని "మహాపండితుడు లేచినాడు" అని ఉపాధ్యాయుడు తరగతి యెదుట నవ్వించునప్పుడును వాడబడు అలంకారము పౌలు వాడిన యలంకారమే. కాని బదులు చెప్పలేని వానిమీద పడుటచేత అది బుద్ధి చెప్పుట గాక మాంసమును చీల్చుటయే యగుచున్నది. కోడలు బదులు చెప్పదు, బాలుడు బదులు చెప్పడు; ఇద్దరును ఆ మాటను జీవితాంతము మరువరు.

సంస్కర్తకు వ్యంగ్యము కూడదని చెప్పుట అసాధ్యము. డంబమును ఖండించి చెప్పినచో డాంబికుడు వాదించును. నవ్వినచో ఒక్క నిమిషమైనను తన్ను తాను చూచుకొనును. కాని నవ్వించువాడు కొరింథువారి గురువువలె తన దెబ్బల లెక్కను, తన గంపను మొదట సభ యెదుట పెట్టవలెను. పొగడ్తవేషమున పొడిచిన వెంటనే బిడ్డలారా యని పిలుచుటకు తగిన చనువు అతనికుండవలెను. ఆ చనువు లేనివానికి సూటిగా చెప్పిన మాటయే మేలు.